సమాధానం: గ్రాండ్ జ్యూరీ గదిలోకి లాయరును రానివ్వరా?

గ్రాండ్ జ్యూరీ (ఒకరిపై నేరాభియోగం మోపాలా వద్దా అని తేల్చే పౌరుల బృందం) ముందు సాక్ష్యం చెప్పమని మీ తమ్ముడికి సమన్లు వచ్చాయని, లాయరును మాత్రం లోపలికి రానివ్వబోమన్నారని రాశారు. అన్యాయంగా తోచినా అది నిబంధనే. అమెరికా ఫెడరల్ గ్రాండ్ జ్యూరీ గదిలో సాక్షి తరఫు లాయరూ జడ్జీ ఉండరు, సాక్షులను పిలిచేదీ అభియోగపత్రం రాసి ముందుంచేదీ ప్రాసిక్యూటరే.

1. 16 నుంచి 23 మంది ఉండే ఆ జ్యూరీలో 12 మంది ఒప్పుకుంటే అభియోగం ఖాయమవుతుంది. నిందితుడికి అనుకూలమైన సాక్ష్యాన్ని కూడా చూపించాలని ప్రాసిక్యూటరును కోర్టులు నిర్బంధించలేవని అమెరికా సుప్రీంకోర్టు 1992లో విలియమ్స్ కేసులో తేల్చింది కనుక, “నిజం చెబితే వాళ్లే అర్థం చేసుకుంటారు” అన్న మీ తమ్ముడి ధీమా నన్ను కలవరపెడుతోంది.

2. చాలామంది వదిలేసే మెట్టు ఇది: తాను కేవలం సాక్షా, దర్యాప్తు పరిధిలోని వ్యక్తా, లేక దర్యాప్తుకు అసలు లక్ష్యమా అన్నది హాజరుకు ముందే లాయరు ద్వారా ప్రాసిక్యూటరును అడిగించాలి. ఆ జవాబును బట్టే, అమెరికా రాజ్యాంగపు ఐదో సవరణ (తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పనక్కర్లేదనే హక్కు) కింద ఏ ప్రశ్నలకు మౌనం వహించాలో లాయరు నిర్ణయిస్తారు.

3. ఆ రోజు లాయరును తలుపు బయటే కూర్చోబెట్టండి. చిక్కు ప్రశ్న వస్తే దానిని కాగితంపై ఉన్నదున్నట్టు రాసుకుని, సంప్రదించి వస్తానని చెప్పి బయటికి రావచ్చు.

4. సమన్లలో అడిగిన ఈమెయిళ్లలో ఒక్కటి కూడా చెరిపేయవద్దు.