జవాబు: కదలకపోతే నిద్రేనా?

మేకల మెడకి కట్టిన, కదలికని నమోదు చేసే కాలర్‌లో కదలిక లేని గంటలన్నీ కలిపి "నిద్ర" అని రాస్తే, మీ పరిశోధన గైడ్ ఆ మాట కొట్టేశారని అడిగారు కదా. టెన్షన్ పడకండి, కానీ ఆయన అన్నది నిజమే. కళ్లు మూసుకుని నెమరేస్తున్న మేకా చోటు కదలదు, నిద్రపోయే మేకా కదలదు. తేడా మెదడు తరంగాల్లోనే తెలుస్తుంది.

దీనికి దారి కాలిఫోర్నియా ఏనుగు సీల్స్ (సముద్రంలో లోతుకి మునిగే పెద్ద జంతువులు) దగ్గర ఉంది. 2023లో వచ్చిన అధ్యయనంలో 13 సీల్స్ తలకి మెదడు సిగ్నల్ పట్టే ఎలక్ట్రోడ్లు అంటించి, పైన నియోప్రీన్ (రబ్బరు లాంటి బట్ట) టోపీ పెట్టారు. మెదడు సిగ్నల్‌తో పాటు కదలికనీ, లోతునీ రికార్డు చేశారు. ఏం కనిపించిందంటే, సీల్ మునుగుతూ మునుగుతూ గాఢనిద్రలోకి జారుకుంటుంది. కలల నిద్ర మొదలవగానే ఒళ్లు పట్టు తప్పి వెల్లకిలా తిరిగి, రాలే ఆకులా గిరికీలు కొడుతూ దిగిపోతుంది. పది నిమిషాల కునుకు, అంతే! ఆ గుర్తు దొరికాక, మెదడు రికార్డింగ్ లేని 334 సీల్స్ పాత డైవింగ్ డేటాలో కూడా నిద్రని లెక్కగట్టారు. సముద్రంలో ఉన్నప్పుడు రోజుకి రెండు గంటలే తేలింది.

మీరూ అదే వరస పట్టండి. వెటర్నరీ కాలేజీ వాళ్ల సాయంతో రెండు మూడు మేకలకి మెదడు, మెడ కండరాల సిగ్నల్ తీయించి, కాలర్ డేటాతో పోల్చండి. నెమరేసే దవడ కదలిక సిగ్నల్‌ని బాగా పాడుచేస్తుంది, ఆ ముక్కలు విడిగా గుర్తుపెట్టుకోండి. ఈ రికార్డింగే కుదరకపోతే మీ పట్టికలో కాలమ్ పేరు "విశ్రాంతి" అని మార్చేయండి.