గానుగ పెట్టబోయే ముందు

లలితా,

గానుగ పెడతానని నీవు చెప్పినప్పటి నుంచి నాకు సంతోషంగా ఉంది. మన పలమనేరు పక్క చెనక్కాయ, అదే వేరుశనగ, పండుతుంది. గానుగ నూనె కావాలని అడిగి కొనేవాళ్లు తిరుపతిలో, చిత్తూరులో బాగానే ఉన్నారు. నూనె తీయగా మిగిలిన చెక్కను పశువుల మేతకు పాడి రైతులే వచ్చి ఎత్తుకుపోతారు. వ్యాపారం మంచిదే. నేను చెప్పాలనుకున్నది లోను గురించి. బ్యాంకు ఫీల్డాఫీసరుగా పల్లెలు తిరిగినవాణ్ణి కాబట్టి ఈ మాత్రం చెప్పే హక్కు నాకుందనుకుంటున్నా.

మొన్న ఫోనులో "35 శాతం సబ్సిడీ వస్తుంది పెదనాయనా" అన్నావు. నిజమే. కొత్తగా చిన్న యూనిట్ పెట్టేవాళ్లకు కేంద్రం సబ్సిడీతో లోను ఇప్పించే పథకం పీఎంఈజీపీ. అందులో పల్లెల్లో యూనిట్ పెట్టే ఆడవాళ్లకు అంత ఉంది, కులంతో పనిలేదు. కానీ ఆ డబ్బు నీ చేతికి రాదమ్మా. లెక్క చెబుతా చూడు. ప్రాజెక్టు 6 లక్షలనుకో. నీ వాటా 5 శాతం, అంటే 30 వేలు. మిగతా 5,70,000 బ్యాంకు ఇస్తుంది. సబ్సిడీ 2,10,000 వచ్చినా అది నీ పేరుమీద డిపాజిట్‌గా మూడేళ్లు బ్యాంకులోనే ఉంటుంది. ఆ మేరకు లోను మీద వడ్డీ వేయరు, డిపాజిట్ మీద వడ్డీ ఇవ్వరు. మూడేళ్ల తర్వాత యూనిట్ నడుస్తోందని చూసుకుని లోనుకు జమ చేస్తారు. మధ్యలో మూతపడితే సబ్సిడీ వెనక్కి పోతుంది. అంటే నీవు కట్టాల్సిన అసలు 3,60,000. ఐదేళ్లలో తీర్చాలంటే వడ్డీతో కలిపి నెలకు దాదాపు 8 వేలు. సబ్సిడీ సంగతి పక్కన పెట్టి, ఆ 8 వేలు ఏ నెల అమ్మకాల్లోంచి వస్తాయో ముందు కాగితం మీద రాసుకో.

యంత్రం కంటే చెనక్కాయల డబ్బు ముఖ్యం. అందరూ తప్పేది ఇక్కడే. పుంగనూరు పక్క ఒక ఊళ్లో కొత్త గానుగ మీద గోనెపట్టా కప్పి ఉండడం చూశాను. ఉగాది దగ్గరపడింది, నూనెకు గిరాకీ ఉంది, పక్కన ఖాళీ టిన్నులు వరసగా పేర్చి ఉన్నాయి. వచ్చిన లోనంతా షెడ్డుకు, మిషనుకు పోయింది. కాయలు కొనడానికి చేతిలో చిల్లిగవ్వ లేదు. నెలనెలా కట్టే లోను కంతు మాత్రం ఆగదు కదా.

లీటరు నూనెకు సుమారు రెండున్నర కిలోల పప్పు కావాలి. రోజుకు 10 లీటర్లు అమ్మినా నెలకు ఏడున్నర క్వింటాళ్లు. ఖరీఫ్ కాయ ఇళ్లకు చేరేటప్పుడు ధర కాస్త దిగుతుంది. అప్పుడు మూడు నెలల సరుకైనా కొనిపెట్టుకోగలిగితేనే ఎండాకాలంలో నిలబడతావు. అందుకే ప్రాజెక్టు రిపోర్టులో వర్కింగ్ క్యాపిటల్, అంటే సరుకు కొనడానికి, రోజువారీ ఖర్చుకు కావాల్సిన డబ్బు, విడిగా చూపించు. స్థలం ఖరీదు రిపోర్టులో కలపకూడదు, ఎలాగూ మీ సొంత జాగానే కదా. మేనేజరు "ముందు మిషను కొను, తర్వాత చూద్దాం" అంటే ఒప్పుకోవద్దు. మంజూరు పత్రంలోనే అది ఉండాలని నిదానంగా అడుగు. కంతు ఎప్పుడు మొదలవుతుందో కూడా అప్పుడే తేల్చుకో.

10 లక్షల లోపు లోనుకు తాకట్టు అడగకూడదని నిబంధన ఉంది. పొలం కాగితాలు తెమ్మంటే ఈ మాట మర్యాదగా గుర్తుచెయ్యి. అప్లికేషన్ ఆన్‌లైన్‌లోనే, ఉచితం. చిత్తూరు జిల్లా పరిశ్రమల కేంద్రంలో కూర్చుని నింపించుకోవచ్చు. ఇంత శాతం ఇస్తే పని అయిపోతుందని ఎవరైనా వస్తే గుమ్మంలోంచే పంపెయ్. ఈ పథకానికి ఏజెంట్లు లేరు. కొటేషన్ మాత్రం జీఎస్టీ నంబరున్న షాపులోనే తీసుకో. ధర పెంచి రాయించుకుందామని డీలరు అంటే వినొద్దు. పెరిగిన ప్రతి రూపాయికీ వడ్డీ కట్టేది నీవే.

ఇంకొక మాట. యూనిట్ కొత్తదై ఉండాలి, ఇంట్లో మొగుడూ పెళ్లాల్లో ఒక్కరికే ఇస్తారు. మీ ఆయన ఇదివరకు ఏదైనా సబ్సిడీ లోను తీసుకున్నాడేమో అడుగు. మీ డ్వాక్రా గ్రూపు లోనులో, ఆయన బంగారం లోనులో బకాయి ఉంటే ముందు కట్టెయ్యండి, పాత అప్పులు ఎలా కట్టారో చెప్పే సిబిల్ స్కోరు చూడకుండా ఏ బ్యాంకూ ఫైలు ముట్టుకోదు. పీఎంఈజీపీ ఆలస్యమైతే చిన్న వ్యాపారాలకిచ్చే ముద్ర లోను ఉంది. అందులో కిశోర్ అనే రకం కింద 5 లక్షల దాకా ఇస్తారు, సబ్సిడీ ఉండదు కానీ పని త్వరగా అవుతుంది. నీ లాంటి చిన్న యూనిట్‌కు అది కూడా చెడ్డదేమీ కాదని నా అభిప్రాయం.

త్రీఫేజ్ కరెంటుకు ఇప్పుడే దరఖాస్తు చెయ్యి, లోను వచ్చాక చేస్తే మిషను ఊరికే పడి ఉంటుంది. చిన్న పరిశ్రమగా నమోదు చేసుకునే ఉద్యం రిజిస్ట్రేషన్‌కు ఒక్క రూపాయి ఖర్చు లేదు. నూనె సీసాలో పోసి అమ్ముతావు కాబట్టి ఆహార భద్రత రిజిస్ట్రేషన్ కూడా కావాలి.

ఆధార్, పాన్, బ్యాంకు పాసుపుస్తకం, పంచాయతీ నుంచి గ్రామీణ ప్రాంతమని ధ్రువపత్రం తీసి పెట్టుకో. కొటేషన్ వచ్చాక నాకు వాట్సాప్‌లో పంపు. రిపోర్టు ఇద్దరం కూర్చుని రాద్దాం, ఆదివారం మీ ఇంటికే వస్తా.

మీ పెదనాయన