శనివారం పూట గదిలో కూర్చోకు తమ్ముడూ

ప్రశ్న (ఆగస్టు 2025): "అన్నా, ఒహాయో స్టేట్‌లో ఎమ్మెస్‌ చెయ్యడానికి వచ్చి మూడు వారాలైంది. ఇక్కడ ఎవర్ని కదిపినా అమెరికన్ ఫుట్‌బాల్ మాటే. మనకి క్రికెట్ తప్ప ఇంకోటి తెలీదు. ఈ ఏడు మా యూనివర్సిటీ టీమ్ ఎలా ఆడుతుందంటారు? అసలు నాలాంటివాడు ఇవన్నీ పట్టించుకోవాలా, చదువు చూసుకుంటే చాలదా?"

తమ్ముడూ, నీ రెండో ప్రశ్నకి ముందు జవాబు చెప్తాను. పట్టించుకోవాలి. పట్టించుకోకుండా నాలుగు నెలలు పోగొట్టుకున్నవాణ్ణి కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నాను.

నేను మన యూనివర్సిటీ ఉన్న కొలంబస్‌లో దిగింది 2006 సెప్టెంబరులో. వచ్చిన కొత్తలో ఒక శనివారం బియ్యం సంచి భుజాన వేసుకుని లేన్ అవెన్యూ మీద నడుస్తున్నాను. ఆట ఉందని బస్సుల దారి మళ్లించారట, నాకా సంగతి తెలీదు. ఎటు చూసినా ఎర్ర చొక్కాలే. ఒక పెద్దాయన నా వైపు చెయ్యెత్తి "ఓ! హెచ్!" అని అరిచాడు. నన్నేదో అంటున్నాడనుకుని తల దించుకుని గబగబా నడిచాను. కాస్త దూరం వెళ్లి వెనక్కి చూస్తే ఆయన చెయ్యి ఇంకా అలాగే గాల్లో ఉంది. "ఐ! ఓ!" అని బదులిచ్చి ఒహాయో స్పెల్లింగ్ పూర్తి చెయ్యాలని, మన దగ్గర ఎదురుపడితే "భోంచేశావా" అని అడిగినట్టు ఇక్కడ అదో పలకరింపని తెలుసుకోవడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. నువ్వు ఈ రోజే నేర్చుకో.

అసలు తప్పు నవంబరులో చేశాను. ఆ ఏడు నవంబరు 18న ఇక్కడి స్టేడియంలో మన పాత ప్రత్యర్థి మిషిగన్ యూనివర్సిటీతో ఆట. దేశంలో ఒకటో ర్యాంకు మనది, రెండోది వాళ్లది. మా ల్యాబ్‌లో పనిచేసే అమెరికన్ కుర్రాడు, "మా ఇంట్లో అందరం కలిసి టీవీలో చూస్తాం, అమ్మ వంట చేస్తుంది, రా" అని రెండుసార్లు పిలిచాడు. అసైన్‌మెంట్ ఉందని చెప్పాను. నిజంగానే ఉంది, కానీ అది కారణం కాదు. ఆట తెలీదు, తినేవి ఏముంటాయో తెలీదు, ఏం మాట్లాడాలో తెలీదు. ఆ మధ్యాహ్నం గదిలో కూర్చుని కుక్కర్ పెట్టుకున్నాను. కిటికీ మూసే ఉన్నా స్టేడియంలోంచి హోరు వచ్చి పడుతోంది. అక్కడ లక్షా ఐదు వేల మందికి పైగా ఉన్నారు. కుక్కర్ విజిల్ వస్తే ఆ హోరులో వినిపించలేదు, పప్పు అడుగంటింది. 42-39తో మనవాళ్లు గెలిచారని మర్నాడు పేపర్లో చూశాను. నా గదికి నడిచి వెళ్లేంత దూరంలో జరిగిన ఆట!

ఆ తర్వాత డిసెంబరు సెలవులొచ్చాయి. క్యాంపస్ మొత్తం ఖాళీ. రూమ్మేట్లిద్దరూ బంధువులున్న ఊళ్లకి వెళ్లిపోయారు. వరసగా తొమ్మిది రోజులు నేను మాట్లాడింది కిరాణా కొట్టు క్యాషియర్‌తో ఒక్కడితోనే, అదీ "థాంక్యూ" అని. ఇంటికి ఫోన్ చెయ్యాలంటే కాలింగ్ కార్డు గీకాలి, నిమిషాలు లెక్కపెట్టుకోవాలి. అమ్మ "ఎలా ఉన్నావు నాన్నా" అంటే "బ్రహ్మాండంగా ఉన్నాను" అని చెప్పి పెట్టేసేవాణ్ణి. మీ తరానికి వాట్సాప్ ఉంది, వీడియో కాల్ ఉంది, అందుకని ఒంటరితనం రాదనుకుంటారు. వస్తుంది. నలుగురు తెలుగు కుర్రాళ్లు ఒకే హాల్లో నాలుగు ఫోన్లు పట్టుకుని కూర్చోవడం నేను చాలా అపార్ట్‌మెంట్లలో చూశాను. మాకు కార్డు అయిపోతే మాట ఆగేది, మీకు మాటే మొదలవడం లేదు.

జనవరి 8న జాతీయ ఫైనల్, ఫ్లోరిడాతో. ఆ కుర్రాడు మూడోసారి పిలిచాడు. ఈసారి వెళ్లాను. బోణీయే అదిరింది. ఆట మొదలెడుతూ వాళ్లు తన్నిన బంతిని టెడ్ గిన్ పట్టుకుని ఆ చివరిదాకా పరుగెత్తి గీత దాటేశాడు, దాన్నే టచ్‌డౌన్ అంటారు. ఇల్లంతా గంతులు. ఆ సంబరంలోనే గిన్ కాలికి దెబ్బ తగిలింది, ఇక ఆటలోకి రాలేదు. చివరికి 41-14తో చిత్తుగా ఓడిపోయాం. ఎవరికీ నోట మాట లేదు. అప్పుడు వాళ్లమ్మగారు లోపల్నుంచి ఒక డబ్బా తెచ్చి ముందు నాకే ఇచ్చారు. వేరుశెనగ ముద్దని చాక్లెట్‌లో ముంచి చేసిన ఉండలు. వాటిని బకై అంటారు, ఇక్కడి చెట్టు గింజలా ఉంటాయని ఆ పేరు. టీమ్ పేరూ అదే. పల్లీ రుచి నాలుక మీద పడగానే నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆట ఓడినందుకనుకుని ఆవిడ నా భుజం తట్టారు. ఆ తర్వాత ఆ ఇంట్లో నేను చూడని సీజన్ లేదు.

సరే, ఇక టీమ్ సంగతి.

నువ్వు మంచి ఏడాదిలో వచ్చావు. ఈ 2025 జనవరి 20న అట్లాంటాలో నోటర్ డామ్‌ని 34-23తో ఓడించి మనవాళ్లు జాతీయ చాంపియన్లయ్యారు. 2014 సీజన్ తర్వాత మళ్లీ ఇప్పుడే. కానీ ఆ టీమ్ ఇప్పుడు లేదు. అందులోంచి 14 మందిని ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ జట్లు డ్రాఫ్ట్‌లో, అంటే కొత్త ఆటగాళ్లని ఎంచుకునే కార్యక్రమంలో, తీసుకున్నాయి. బంతి విసిరి ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్ విల్ హోవర్డ్ వెళ్లిపోయాడు, ముందు వరసలో గోడలా నిలబడ్డ నలుగురు డిఫెన్స్ ఆటగాళ్లూ వెళ్లిపోయారు. డిఫెన్స్ కోచ్ జిమ్ నోల్స్ పెన్ స్టేట్ అనే ఇంకో యూనివర్సిటీకి మారాడు. ఆయన స్థానంలో ఎన్ఎఫ్ఎల్‌లో ఏళ్ల తరబడి పనిచేసిన మాట్ ప్యాట్రీషియా వచ్చాడు. హెడ్ కోచ్ రయన్ డే మాత్రం ఉన్నాడు.

ఆగస్టు 18న డే కొత్త క్వార్టర్‌బ్యాక్ పేరు చెప్పాడు. జూలియన్ సేయిన్. కాలేజీ ఆటలో ఇంతవరకూ ఒక్కసారి కూడా మొదటి నుంచి ఆడింది లేదు. ఇంత పెద్ద స్టేడియంలో వాడి మొదటి పరీక్షే టెక్సాస్‌తో. 2025 సీజన్ మొదట్లో మన ర్యాంకు మూడు, టెక్సాస్‌ది ఒకటి. సేయిన్‌కి అండ జెరమయా స్మిత్. పోయిన ఏడు మొదటి సంవత్సరం కుర్రాడే, 76 క్యాచ్‌లు, 1,315 గజాలు, 15 టచ్‌డౌన్లు. ఫైనల్లో ఆట చేజారుతుందా అనిపించినప్పుడు 56 గజాల బంతి పట్టి ఒడ్డున పడేసింది వాడే. వెనక డిఫెన్స్‌లో కేలబ్ డౌన్స్ ఉన్నాడు. సేయిన్‌, డౌన్స్ ఇద్దరూ అలబామా నుంచి ఇక్కడికి మారినవాళ్లే. కొత్త ఊరికి వచ్చి కుదురుకోవడం ఎలాగో వాళ్లకీ తెలుసు.

నా అంచనా అడిగావు కాబట్టి చెప్తున్నాను. టెక్సాస్ ఆటలో ఎక్కువ పాయింట్లు రావు, డిఫెన్సే కాపాడాలి. డౌన్స్ ఉన్నంతవరకూ నాకా నమ్మకం ఉంది. నవంబరు 1న పెన్ స్టేట్ ఇక్కడికే వస్తుంది, మన గుట్టంతా తెలిసిన నోల్స్ ఇప్పుడు వాళ్ల వైపు ఉన్నాడు, అదొక్కటే నాకు భయం. మధ్యలో ఒకటి ఓడినా కప్పు కోసం చివర్లో జరిగే 12 టీమ్‌ల ప్లేఆఫ్‌లోకి వెళ్తాం. పోయిన ఏడు రెండు ఓడి కూడా కప్పు తెచ్చారు.

కానీ నవంబరు 29 వేరు. ఆ రోజు మిషిగన్‌తో, వాళ్ల ఊరు ఆన్ ఆర్బర్‌లో. 2021 నుంచి 2024 దాకా వరసగా నాలుగేళ్లు వాళ్ల చేతిలో ఓడాం. పోయినసారైతే ఇక్కడే, ర్యాంకు కూడా లేని మిషిగన్‌కి 13-10తో. చాంపియన్లయ్యాక కూడా నా పక్కింటాయన ఆ 13-10 గురించే మాట్లాడతాడు. ఆ వారం క్యాంపస్‌లో బోర్డుల మీదున్న ఎమ్ అక్షరాలన్నిటినీ ఎర్ర టేపుతో కొట్టేస్తారు. నువ్వు మాత్రం ఆ వారం నీలం, పసుపు కలిసిన చొక్కా వేసుకోకు. అది మిషిగన్ రంగు.

ఆట అర్థం కావడం కష్టమేం కాదు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్లాలి, వెళ్తే మళ్లీ నాలుగు. అవతలి చివర దాటితే ఆరు పాయింట్లు, గోల్ కర్రల మధ్య నుంచి తన్నితే మూడు. కబడ్డీ చూసినవాడికి గంటలో పట్టుబడుతుంది. విద్యార్థి టికెట్లు, లోపలికి ఎలాంటి బ్యాగు తేవచ్చు, ఎఫ్-1 విద్యార్థి వీసా మీద వారానికి ఎన్ని గంటలు పని చెయ్యొచ్చు, ఇవన్నీ యూనివర్సిటీ సైట్లో ఉంటాయి, చూసుకో.

టికెట్ దొరక్కపోయినా ఫరవాలేదు. ఆట ముందు సెయింట్ జాన్ అరీనాలో బ్యాండు వాయిస్తుంది, వెళ్లి కూర్చో. ఎవరైనా టెయిల్‌గేట్‌కి, అంటే ఆట ముందు కార్ల దగ్గర పెట్టుకునే విందుకి, పిలిస్తే ఉత్త చేతుల్తో వెళ్లకు, పులిహోర పట్టుకెళ్లు. అక్కడ చిల్లీ అనే కూరలో గొడ్డు మాంసం ఉంటుంది, నువ్వు తినకపోతే ముందే అడుగు, ఎవరూ ఏమీ అనుకోరు. స్టేడియంలోకి వెళ్తే ఆట అవగానే లేచి రాకు. ఆటగాళ్లు బ్యాండు ముందుకొచ్చి, స్టాండ్స్‌లో జనం ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని యూనివర్సిటీ పాట పాడతారు. పక్కవాడెవడో నీకు తెలియకపోయినా నీ భుజం మీద చెయ్యి వేస్తాడు. ఆ చెయ్యి కోసమైనా ఒక్కసారి వెళ్లు.

టెక్సాస్ ఆట ఈ ఆగస్టు 30న, మధ్యాహ్నం పన్నెండింటికి. మేము కొలంబస్ పక్కనున్న డబ్లిన్‌లో ఉంటాం, టీవీ పెద్దదే. పదింటికి కారు తీసుకుని మీ వైపు వస్తాను, మా ఆవిడ అన్నం, పప్పుచారు, వంకాయ కూర చేస్తానంది. మీ రూమ్మేట్లని కూడా లేపి ఉంచు.