పీస్ లెక్కన నగలు చేసే పనివారికి కనీస వేతనం ఉంటుందా?

ఉంటుంది. యజమాని కింద, అతను చెప్పిన పని చేసే స్వర్ణకారుడికి నగకు ఇంత అని కూలి ఇచ్చినా, రోజు మొత్తానికి వచ్చేది ప్రభుత్వం నిర్ణయించిన కనీస వేతనానికి తగ్గకూడదు.

1948 నాటి కనీస వేతనాల చట్టంలోనే పీస్ పనికి ఈ రక్షణ ఉంది. దాని స్థానంలో వచ్చిన 2019 వేతనాల కోడ్ కూడా దాన్ని కొనసాగించింది. కారణం తేలికే. ఆర్డర్లు ఎప్పుడొస్తాయో, ముడి బంగారం ఎప్పుడు చేతికిస్తారో పనివాడి చేతిలో లేదు. సీజన్ లేక పని మందగిస్తే ఆ భారం అతని మీద పడకూడదు.

ఉదాహరణకు, కనీస వేతనం రోజుకు 500 రూపాయలు అనుకుందాం. జత జుంకాలకు టంకం పెట్టి, ఆకురాయితో సాపు చేసి మెరుగు పెడితే 100 ఇస్తారు. పూర్తి పనిరోజులో 4 జతలే తయారైతే లెక్క 400. మిగతా 100 యజమాని కలిపి ఇవ్వాలి. తనంతట తాను పని మానేసిన రోజు సంగతి వేరు. కనీస వేతనం రేటు మాత్రం రాష్ట్రాన్ని, నైపుణ్యాన్ని బట్టి మారుతుంది.

చాలామంది పొరబడేది తరుగు విషయంలో. తూకంలో ఎంత తగ్గినా కూలిలో కోసుకోవచ్చనుకుంటారు. అది తప్పు. పనివాడి నిర్లక్ష్యం వల్లే నష్టం జరిగిందని తేలాలి, ముందుగా అతని సంజాయిషీ వినాలి. రాపిడిలో సహజంగా పోయే పొడి నిర్లక్ష్యం కాదు. సొంత కొట్టు పెట్టుకుని పలువురి దగ్గర ఆర్డర్లు తీసుకునేవారికి మాత్రం ఈ కనీస వేతనం వర్తించదు.