భారతీయ లైసెన్సుతో బ్రిటన్‌లో కారు బీమా తీసుకోవడం గురించి

ఉద్యోగానికి ఇంగ్లండు వెళ్తున్నామనీ, హైదరాబాదులో తీసుకున్న లైసెన్సుతో అక్కడ కారుకు బీమా ఇస్తారా, ఇస్తే భార్య పేరు కూడా చేర్చవచ్చా అనీ మీరు అడిగారు. ఇస్తారు, చేర్చవచ్చు. అయితే ఆ ధర చూశాక వచ్చే కోపం గురించీ, ఆ కోపంలో కొందరు చేసే పని గురించీ మీకు ముందుగానే చెప్పాలి.

మన దగ్గర బీమా బండిని చూసి ఇస్తారు. 1000 నుంచి 1500 సీసీ ఇంజను గల కారుకు 2022 నోటిఫికేషన్ ప్రకారం థర్డ్ పార్టీ బీమాకు, అంటే ఎదుటివారికి జరిగే నష్టానికి మాత్రమే వర్తించే బీమాకు, ప్రీమియం 3,416 రూపాయలు. దాన్ని నడిపేది నిన్న లైసెన్సు తెచ్చుకున్న కుర్రవాడా, పాతికేళ్లుగా స్టీరింగు పట్టుకున్న పెద్దమనిషా అన్న ప్రశ్నే రాదు. బ్రిటన్‌లో లెక్క అంతా మనిషి చుట్టూ తిరుగుతుంది. మీ వయసు, ఉద్యోగం, పోస్ట్‌కోడ్, రాత్రిపూట కారు ఎక్కడ నిలుపుతారు, లైసెన్సు ఏ దేశానిది, ఎన్నేళ్లుగా ఉంది, ఇదివరకు క్లెయిములు ఏమైనా ఉన్నాయా అని వరుసగా అడిగి ధర కట్టి, దాని మీద 12 శాతం పన్ను కలుపుతారు. నేను కొన్న పాత టొయోటా యారిస్ కారుకు మొదటి ఏడాది ప్రీమియం కారు ధరలో సగం దాటింది. ఇంత పిండుతున్నారు కదా, కనీసం థర్డ్ పార్టీతో సరిపెట్టుకుందామని చూస్తే చాలాసార్లు అది మన కారు నష్టానికి కూడా వర్తించే కాంప్రిహెన్సివ్ బీమా కంటే ఎక్కువకు వస్తుంది కాబట్టి రెండింటి ధరలూ అడిగి చూడాలి.

విదేశీ లైసెన్సుకు ఎక్కువ వసూలు చేయడం వివక్ష అని మనవాళ్లు అంటారు. నేను ఒప్పుకోను. ఆర్టీఏ మైదానంలో ఒక ‘8’ వేసి, చాలామంది ఏజెంటు చేతిలో డబ్బు పెట్టి తెచ్చుకున్న కార్డును అక్కడి కంపెనీ అనుమానంగా చూడడంలో నాకు తప్పేమీ కనిపించదు.

డబ్బు సంగతి అలా ఉంచితే, నన్ను అసలు ఇబ్బంది పెట్టింది నా పేరు. లైసెన్సు మీద మా ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా ముందు ఉంది, పాస్‌పోర్టులో అదే ఇంటిపేరు పూర్తిగా, చివర ఉంది. పాలసీని పాస్‌పోర్టులోని పేరుతో తీసుకున్నాను. డబ్బు కట్టిన తరువాత లైసెన్సు రెండు వైపులా ఫొటో తీసి పంపమన్నారు, పంపాను. దానికి జవాబుగా, లైసెన్సులోని వ్యక్తీ పాలసీలోని వ్యక్తీ ఒకరేనని తేలలేదు కనుక ఏడు రోజుల్లో రుజువు చూపకపోతే పాలసీ రద్దు చేస్తామని ఉత్తరం వచ్చింది. కంపెనీ తనంతట తాను రద్దు చేసిన పాలసీ గురించి ఆ తరువాత ఏ కంపెనీ అడిగినా దాచకుండా చెప్పాలి, చెబితే ధర ఇంకా పెరుగుతుంది. కంగారుగా ఫోన్ చేస్తే, ఇంటిపేరు అయితే చివర కదా ఉండాలి, పైగా ఒక్క అక్షరమే ఎందుకు ఉందని అటువైపు ఉన్న ఆవిడ అడిగారు. తెలుగువారి ఇంటిపేర్ల వ్యవహారమంతా వివరించాను. ఆవిడ ఓపికగా విని, పై అధికారిని అడుగుతానని వెళ్లి, సంగీతం పెట్టి నన్ను చాలాసేపు కూర్చోబెట్టారు. చివరికి గట్టెక్కించినది మా నాన్న పేరు. నా లైసెన్సు మీదా, పాస్‌పోర్టు చివరి పేజీలోనూ తండ్రి పేరు ఉంది. అక్కడి కార్డుల మీద అది ఉండదు కనుక వారికి ఆ ఆలోచనే రాలేదు. రెండు చోట్లా మా నాన్న పేరు ఇంటిపేరుతో సహా పూర్తిగా ఉందని చూపించాక, పుట్టిన తేదీ కూడా సరిపోవడంతో, పాలసీ నిలిచింది.

అందుకే విమానం ఎక్కకముందే ఆర్టీఏ కార్యాలయానికి వెళ్లి లైసెన్సులోని పేరును పాస్‌పోర్టుతో కలిసేలా సరిచేయించుకోండి. లైసెన్సు మొదటిసారి ఇచ్చిన తేదీ కార్డు మీద ఉందో లేదో కూడా చూసుకోండి, ఎందుకంటే అనుభవాన్ని కంపెనీలు దాన్నిబట్టే లెక్కిస్తాయి. అంతర్జాతీయ పర్మిట్ కోసం పరుగులు పెట్టనవసరం లేదు. కార్డు ఇంగ్లీషులో ఉండి, గడువు మిగిలి ఉంటే బ్రిటన్‌కు అది చాలు.

ఇక కోపంలో చేసే పని. ధరలు పోల్చి చూపే సైట్లలో లైసెన్సు రకం అడిగిన చోట ‘పూర్తి బ్రిటిష్ లైసెన్సు’ అని నొక్కితే అంకె చప్పున దిగిపోతుంది. నాకు తెలిసిన ఒకాయన అలాగే నొక్కారు. సూపర్‌మార్కెట్ పార్కింగులో చిన్న గీత పడి క్లెయిమ్ పెట్టినప్పుడు లైసెన్సు చూపమన్నారు, అక్కడితో బండారం బయటపడింది. 2012 నాటి బీమా వెల్లడి చట్టం ప్రకారం, కావాలని తప్పు చెబితే పాలసీని మొదటి నుంచీ లేనట్టే తీసేయవచ్చు, కట్టిన ప్రీమియం కూడా తిరిగి ఇవ్వనవసరం లేదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది ఆయన పని. బీమా లేకుండా నడుపుతూ పట్టుబడితే 300 పౌండ్ల జరిమానా, లైసెన్సు మీద తప్పుకు గుర్తుగా 6 పాయింట్లు పడతాయి, కారునూ స్వాధీనం చేసుకోవచ్చు.

మన లైసెన్సు అక్కడ చెల్లేది 12 నెలలే, అదీ నివాసం మొదలైన రోజు నుంచి. మధ్యలో సెలవుకు ఇంటికి వెళ్లి వచ్చినంత మాత్రాన లెక్క మళ్లీ మొదలు కాదు. ఆస్ట్రేలియా, జపాన్ వంటి దేశాల లైసెన్సులను మార్చి ఇస్తారు గానీ భారతదేశం ఆ జాబితాలో లేదు. అందువల్ల వెళ్లగానే ప్రొవిజనల్ లైసెన్సుకు, అంటే నేర్చుకునేవారి లైసెన్సుకు, దరఖాస్తు చేయండి. థియరీ పరీక్షలో 50 ప్రశ్నలకు 43 సరిగా రావాలి, ప్రమాదాలను గుర్తించే వీడియోల భాగంలో 75కు 44 మార్కులు రావాలి. ప్రాక్టికల్ పరీక్ష తేదీ కోసం నెలల తరబడి ఆగవలసి రావడం అక్కడ మామూలే. ఆ పరీక్ష నెగ్గిన తరువాత కూడా చాలా కంపెనీలు మీ అనుభవాన్ని ఆ రోజు నుంచే లెక్కిస్తాయి, హైదరాబాదు ట్రాఫిక్‌లో గడిపిన ఏళ్లన్నీ గాలికి పోతాయి. ఇది మాత్రం నిజంగా అన్యాయం. విదేశీ అనుభవాన్ని లెక్కలోకి తీసుకుంటారా అని ప్రతి కంపెనీకీ ఫోన్ చేసి అడగండి, సైట్లలో ఆ అవకాశం కనిపించకపోవచ్చు.

మీ భార్య పేరును అదనపు డ్రైవరుగా చేర్చవచ్చు, దానివల్ల ఒక్కోసారి ప్రీమియం తగ్గుతుంది కూడా. ఆడవారికి తక్కువ ధర అన్నది పాత మాట, 2012 డిసెంబరు నుంచి స్త్రీ పురుష భేదం చూసి ధర పెట్టడానికి వీల్లేదు. అయితే కారును ఎక్కువగా ఆవిడే నడిపేటట్లయితే, ధర తగ్గుతుందని మీ పేరును ముఖ్య డ్రైవరుగా పెట్టకండి, అది మోసం కిందికి వస్తుంది. అటువంటప్పుడు పాలసీ ఆవిడ పేరునే తీసుకోండి. క్లెయిమ్ పెట్టని ఏళ్లకు ఇచ్చే తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనస్, మామూలుగా పాలసీ ఎవరి పేరున ఉంటే వారికే జమ అవుతుంది.