ముందు బుష్ సంగతి చూస్కో అల్లుడూ

ఒరేయ్ అల్లుడూ,

అక్క ఫోన్ చేసి చెప్పింది, భీమవరంలో వర్టికల్ మోల్డింగ్ మెషిన్, అదే ప్లాస్టిక్ కరిగించి అచ్చులో పోసే నిలువు మెషిన్ కొంటున్నావంట, రొయ్యల చెరువులో గాలి కలిపే ఏరేటర్లకి లోపల స్టీలు బుష్ (ఇరుసు దూరే గొట్టం ముక్క) పెట్టి దాని చుట్టూ నైలాన్ హబ్బులు (చక్రం మధ్య దిమ్మలు) పోస్తావంట. మంచిదే. వర్టికల్ తీస్కోడం కూడా కరెక్టే, అడ్డంగా తెరుచుకునే మెషిన్లో బుష్ జారిపోయి డై, అదే అచ్చు, దాని మీద మూసుకుంటే ఆ గోల ఎలా ఉంటుందో నేను పడ్డాను. కానీ నువ్వు ఎంతసేపూ డైని నొక్కిపట్టే టన్నేజీ గురించే మాట్లాడుతున్నావంట, ఇందులో కొంప ముంచేది చేత్తో పెట్టే ఆ లోహం ముక్క రా.

ఓసారి పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్‌తో నాబులు (తిప్పే పిడులు) పోశాను, మధ్యలో ఇత్తడి ఇన్సర్ట్, నీ బుష్ లాంటిదే. డై లోంచి అద్దంలా వచ్చాయి, పార్టీ కూడా ఓకే అన్నాడు, సంచుల్లో కట్టి మూలన పెట్టాం. పది రోజులు పోయాక విప్పితే ఎవడూ ముట్టుకోకుండానే ఇత్తడి చుట్టూ వెంట్రుకల్లా చీలికలు, గోరుతో గీస్తే తగిలేవి. ప్లాస్టిక్ చల్లారేప్పుడు బాగా ముడుచుకుంటుంది, ఇత్తడి అంత ముడవదు, ఎడ్లబండి చక్రానికి కాల్చిన ఇనప పట్టా ఎక్కిస్తే ఎలా పట్టేస్తుందో అలా పట్టేసి ఆ బిగువు ఎక్కడికీ పోదు, పాలీకార్బొనేట్ దానికి ఓర్చుకోలేదు. నైలాన్ చాలా నయం, అయినా బుష్షుల్ని ఓవెన్లో 100 డిగ్రీలు దాటించి వేడిగానే డైలో పెట్టు. బుష్ 10 మిల్లీమీటర్లుంటే బయట హబ్బు కనీసం 15, కుదిరితే 20 ఉండాలి. మెటీరియల్ మిగుల్తుందని పల్చన చేశావో, అయిపోయినట్టే.

బుష్ మీద నర్లింగ్, అదే గరుకు గీతలు, తిరక్కుండా పట్టుకుంటుంది, మధ్యలో ఓ గాడి తీయిస్తే ఊడిరాదు, రెండూ కావాలి. లేతు నుంచి వచ్చినవి ఆయిల్తో జిడ్డోడుతుంటాయి, శుభ్రంగా కడిగి ఆరబెట్టించు, పూతరేకులు తిన్న చేత్తో కుర్రాళ్ళు ముట్టుకోకుండా గ్లవుజులు ఇప్పించు, నవ్వకు, నిజంగా జరిగింది. పొడుగు ఒక్కోటీ గేజీతో చూడాలి, ఎక్కువైతే డై నొక్కుకుపోద్ది, తక్కువైతే ప్లాస్టిక్ మూతిలోకి పాకుద్ది.

ఉప్పునీటి చెరువుకి ఇత్తడి జోలికి పోకు, అందులో జింకు కారిపోయి గుల్లబారుద్ది. 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలే తీస్కో, దాని బదులు 304 రకం అంటగట్టేవాళ్ళుంటారు, అయస్కాంతంతో తేలదు, టెస్టు కాగితం అడుగు.

మనూళ్ళ తేమకి నైలాన్ సంచి విప్పితే చాలు చెమ్మ లాగేస్తుంది, 80 డిగ్రీల్లో 4 గంటలన్నా ఆరకపోతే పీసు మీద వెండి గీతలే. కుర్రాడు ఓ షాటుకి (డై ఒకసారి నింపేదానికి) బుష్షులు గబగబా, ఇంకో షాటుకి ఫోన్ చూస్తా పెడితే బ్యారెల్లో, అదే ప్లాస్టిక్ కరిగే గొట్టంలో, నైలాన్ మాడుద్ది, కాబట్టి లోడింగ్ ఒకే టైములో అవ్వాలి.

మొదట్లో వచ్చిన పది పీసుల్ని మరిగే నీళ్ళల్లో, ఐసు నీళ్ళల్లో మార్చి మార్చి ముంచి ఓ పది రోజులు పక్కన పడెయ్, పార్టీ ఎంత తొందరపెట్టినా సరే. ఆ తర్వాత ఒకటి రంపంతో సగానికి కోసి రావులపాలెం బస్సులో ఎవరికైనా ఇచ్చి పంపు, నేను చూస్తా.

మీ మావయ్య