విండీ, గ్యాబీ ఇద్దరూ ఒకరేనండి

హోపలాంగ్ క్యాసిడీ అనే హీరో ఉండే పాత హాలీవుడ్ కౌబాయ్ సినిమాల్లో విండీ అనే గడ్డం తాతని, మరో కౌబాయ్ హీరో రాయ్ రోజర్స్ పక్కన గ్యాబీ అనే తాతని చూసి ‘వీళ్ళు అన్నదమ్ములా?’ అని అడిగారు కదా. కాదండి, ఇద్దరి వేషమూ వేసింది జార్జ్ హేస్ (1885–1969) అనే నటుడొక్కడే.

పేరు మారింది డబ్బు గొడవ వల్ల. 1935 నుంచి విండీ వేషం కట్టాడు. జీతం దగ్గర పేచీ వచ్చి 1939లో రిపబ్లిక్ పిక్చర్స్ అనే వేరే సినిమా కంపెనీకి వెళ్ళిపోయాడు. విండీ పేరు మీద హక్కు పాత నిర్మాతది. ఇంకేముంది, అదే గడ్డం, అదే సణుగుడు, పేరు మాత్రం గ్యాబీ, అంటే వాగుడుకాయ!

ఇంకో కౌబాయ్ హీరో జాన్ వేన్ పాత సినిమాలో ఇలాంటి విలన్‌ని చూశానన్నారు కదా, ఆ విలన్ కూడా ఈయనే అయి ఉండొచ్చు. 1930ల మొదట్లో వేన్ చేసిన చవక వెస్టర్న్ (కౌబాయ్) సినిమాల్లో హేస్ ఒకదాంట్లో విలన్, ఇంకోదాంట్లో హీరోయిన్ తండ్రి, ఏది దొరికితే అది వేశాడు. అనుమానమొస్తే టైటిల్స్ చూడండి, ముందు సినిమాల్లో ఉత్త జార్జ్ హేస్ అనే ఉంటుంది.

అన్నట్టు, బయట మనిషి నీటుగా సూటు వేసుకుని తిరిగేవాడు. తెర మీద కనిపించే ఆ బోసినోరు కట్టుడుపళ్ళు తీసేస్తే వచ్చినదే. గుర్రం ఎక్కడం కూడా నలభై దాటాకే నేర్చుకున్నాడట!